బొమ్మలో తెల్లబడిన అమ్మ

మా పాప ఐదో పుట్టినరోజుకి మావారు ముచ్చటపడి, పాపని ఒళ్లో పెట్టుకుని నేను కూర్చున్న ఫొటో ఇచ్చి ఆయిల్ పెయింటింగ్ వేయించారు. హాల్లో సోఫా పైన గోడకి తగిలించాం. చీర, నగలు, పాప జడ అన్నీ అచ్చుగుద్దినట్టు వచ్చాయి. ఒంటి రంగే మాది కాదు. నేనూ పాపా నల్లగా ఉంటాం, బొమ్మలో ఇద్దరం తెల్లగా మెరిసిపోతున్నాం. మా అత్తగారు "పోనీలేవే, బొమ్మలోనైనా తెల్లగా ఉన్నారు" అన్నారు. మొన్న పాప "నేనెప్పుడు అలా అవుతానమ్మా?" అని అడిగింది. అప్పట్నుంచి ఆ గోడవైపు చూడలేకపోతున్నాను. తీసేస్తే మావారు నొచ్చుకుంటారు. ఏం చేయను?

– ఒక సోదరి, విజయనగరం

అమ్మా, ఆ బొమ్మని తీసి అటక మీద పెట్టొద్దు. అలాగే ఉంచనూ వద్దు. రంగు సరిచేయించండి.

ముందు మీవారితో మాట్లాడండి. పాప అడిగిన మాట ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన ముచ్చటపడింది మీ ఇద్దరినీ చూసుకోవాలని, గోడ మీదున్నది మీరు కాకపోతే ఆ ముచ్చట తీరనట్టే కదా. ఈ మాట ఆయనకి కోపం తెప్పించదనే నా నమ్మకం.

ఇక చిత్రకారుడి సంగతి. బాగా ఆరిన ఆయిల్ రంగు మీద పల్చటి పారదర్శకమైన పొరలు వేసి ఛాయ ముదురు చేయొచ్చు. వార్నిష్ పూసి ఉంటే ముందు దాన్ని తీయాలి. ఆయిల్ మీద అక్రిలిక్ మాత్రం వేయనివ్వకండి, పట్టు నిలవదు. నలుపు ట్యూబు ఒక్కటే పూస్తే మనిషి మసిబారినట్టు కనిపిస్తుంది. బర్న్‌ట్ సియెన్నా, అంబర్, అల్ట్రామరీన్ నీలం కలిపితే మన ఒంటి నలుపులో ఉండే ఎరుపూ, బుగ్గ మీద వెలుగూ వస్తాయి. దానికి సరైన ఫొటో కావాలి. పొద్దున్నే కిటికీ దగ్గర కూర్చుని, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌లో ముఖాన్ని తెల్లగా చూపించే ఫిల్టర్ ఆపేసి తీయించుకోండి. చాలాసార్లు చిత్రకారుడి కంటే ముందు ఆ ఫిల్టరే రంగు మార్చేస్తుంది.

నలుపు బొమ్మకి నప్పదని చిత్రకారుడు అంటే అజంతా గుర్తుచేయండి. అక్కడి గోడల మీద నల్లని స్త్రీలు నిండు నగలతో ఠీవిగా ఉంటారు. 17వ గుహలో బుద్ధుడి ఎదుట నిలబడిన తల్లీబిడ్డలూ ఉన్నారు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ అజంతా, దక్షిణాది చూసి వెళ్లి 1937లో వేసిన బొమ్మల్లో మనుషులది మన ఎండకి కాగిన రంగే.

అత్తగారితో గొడవ వద్దు. కానీ పాప ముందు రంగు గురించి అలాంటి మాట అనొద్దని నెమ్మదిగా, ఖచ్చితంగా చెప్పండి. ఆ మాట మీవారు చెబితే ఇంకా మంచిది. పాపకి మాత్రం జవాబు మీరే ఇవ్వాలి, అదీ ఈ రోజే: "నువ్వు అలా అవ్వక్కర్లేదు, బొమ్మలో రంగు తప్పు పడింది, సరిచేయిద్దాం." వీలైతే చిత్రకారుడి దగ్గరికి పాపనీ తీసుకెళ్లి, రంగు కలిపేటప్పుడు పక్కన కూర్చోబెట్టండి. ఈ పనికి ఆయన అదనంగా అడిగితే బేరమాడకుండా ఇచ్చేయండి.