ఇరుసును వదలని చక్రం

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాలలో మెట్టసేద్యం అధికం. వాన కురిసిన నాలుగు రోజులలో దుక్కి సాగకపోతే అదను తప్పుతుంది. అటువంటి వేళ బత్తాయి తోటలో తిరిగే చిన్న ట్రాక్టరు చక్రం ఇరుసుకు పట్టుకొని ఊడిరాకపోతే, చాలామంది మొదట అందుకొనేది సమ్మెటనే. ఒక్క దెబ్బకు పోత ఇనుప నాభి పగులవచ్చు; ఆ అదురు ఇరుసు గుండా గేరుపెట్టెలోని బేరింగులను దెబ్బతీయవచ్చు. ఓర్పుతో తీరవలసిన పని పెద్ద నష్టంగా మారుతుంది. కనుక ఈ విషయాన్ని విద్యార్థులు శాస్త్రదృష్టితో పరిశీలించడం అవసరం.

మెకానిక్కులు హబ్బు అని పిలిచే నాభి, చాలా తోట ట్రాక్టర్లలో నునుపైన ఇరుసుపై సరిగ్గా ఇమిడి ఉంటుంది. రెంటి గాడిలో దూర్చిన ‘కీ’ అనే ఉక్కుముక్క ఇరుసు తిరుగుడును చక్రానికి అందిస్తుంది. ఆ సన్నని సందులోకి నీరు చేరితే ఇనుము తుప్పుపడుతుంది. తుప్పు తనకు మూలమైన ఇనుము కంటే రెండింతలకు మించిన చోటు ఆక్రమిస్తుంది. విస్తరించే తావు లేక అది మేకువలె బిగుసుకొంటుంది. మన శత్రువు బరువు కాదు, ఈ తుప్పు.

మొదట బండిని చదునైన నేలపై నిలిపి, ఇంజను ఆపి, తక్కిన చక్రాలకు ఇరువైపులా రాళ్ళు పెట్టవలెను. చక్రం బోల్టులను నేలమీద ఉండగానే పానాతో కొంత వదులు చేయవలెను. జాకీతో లేపిన పిమ్మట గట్టి దిమ్మె ఆధారంగా ఉంచనిదే కింద చేయి పెట్టరాదు. టైరుతో కూడిన చక్రాన్ని విప్పి పక్కన పెట్టి, ఇరుసు చివరనున్న చీలను, వాషర్లను, అడ్డబోల్టు ఉంటే దానిని తీసివేయవలెను.

తరువాత తీగబ్రష్షుతో తుప్పు రాల్చి, ఇరుసు అంచున లేచిన గరుకును ఆకురాయితో అరగదీసి, తుప్పు వదిలించే పలుచని నూనెను సందులో పోయవలెను. దీపపు వత్తిలోకి నూనె ఎగబాకినట్లే, కేశనాళికా ధర్మం వల్ల అది లోనికి పాకుతుంది. అందుకు సమయం కావలెను; ఒక రాత్రంతా, మధ్య మధ్య మళ్ళీ పోస్తూ నాననివ్వడం మేలు.

అప్పుడు పుల్లర్ వాడవలెను. దాని కొక్కేలు నాభిని వెనుకనుండి పట్టుకొంటాయి; నడిమి మర ఇరుసు కొనను నొక్కుతుంది. మర ఒక చుట్టుకు 2 మిల్లీమీటర్లు ముందుకు సాగుతుందనుకొందాం. 25 సెంటీమీటర్ల పానా కొన ఆ చుట్టులో సుమారు 157 సెంటీమీటర్లు తిరుగుతుంది. లెక్క ప్రకారం బలం 785 రెట్లవుతుంది. ఘర్షణలో అధికభాగం పోయినా, మిగిలినది సమ్మెట కంటే మేలు. ఎందుకంటే అది తిన్నగా, సమంగా లాగుతుంది. కొంత బిగించి, కొంత ఆగి, మళ్ళీ బిగించవలెను.

అప్పటికీ రాకపోతే వేడి. ఈ సూత్రం మన కమ్మరికి కొత్త కాదు. ఎడ్లబండి చక్రం కంటే కొంచెం చిన్నదైన ఇనుప పట్టాను పిడకల మంటలో ఎర్రగా కాల్చి తొడిగి, నీళ్ళు పోసి బిగించేవాడు. ఒక డిగ్రీ వేడికి ఉక్కు పది లక్షల పాళ్ళకు సుమారు 12 పాళ్ళు పెరుగుతుంది. ఒకటిన్నర మీటరు వ్యాసం గల పట్టా 500 డిగ్రీలు వేడెక్కితే వ్యాసం సుమారు 9 మిల్లీమీటర్లు హెచ్చుతుంది. 30 మిల్లీమీటర్ల నాభి రంధ్రం 100 డిగ్రీలకు హెచ్చేది 0.036 మిల్లీమీటరు మాత్రమే. తుప్పు పట్టు సడలడానికి తరచు అది చాలును. అయితే వేడి తగలవలసినది నాభికే, ఇరుసుకు కాదు. రెండూ వేడెక్కితే రెండూ పెరుగుతాయి. నూనెను పూర్తిగా తుడిచి, టైరును, పెట్రోలును దూరంగా ఉంచనిదే మంట పెట్టరాదు. అతివేడి లోపలి ఆయిలుసీలును కూడా చెడగొడుతుంది.

ఊడిన తరువాత ఇరుసును గరుకు కాగితంతో శుభ్రపరచి, అరిగిన కీని మార్చి, గ్రీజు పూసి తొడగవలెను. మన పెద్దలు ఆముదంలో గడ్డిమసి కలిపి బండి ఇరుసుకు కందెన వేసేవారు. విద్యార్థులారా, సెలవులలో ఇంటికి వెళ్ళినప్పుడు, వానలకు ముందే ఆ చక్రాన్ని ఒకసారి విప్పి కందెన పెట్టి చూడండి. అదనులో సమ్మెట అవసరం రాదు.