హారన్ వెనకవాడిది, బండి మీది

కొత్తగా కారు నేర్చుకున్నవాళ్లను దేనికి భయమని అడగండి. యాక్సిడెంట్ అవుతుందేమోనని అంటారు. ఒకసారి పక్క సీట్లో కూర్చుని చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. ఎదురుగా లారీ వస్తుంటే చక్కగా పక్కకు తీస్తారు. గేదె అడ్డం వస్తే ఆపుతారు. సిగ్నల్ దగ్గర బండి ఆఫ్ అయి వెనక నుంచి ఒక్క హారన్ మోగిందా, ఇక కాళ్లూ చేతులూ ఆడవు. గభాలున క్లచ్ వదిలేస్తారు. మళ్లీ ఆఫ్. ఈసారి నాలుగు హారన్లు. ఆ సాయంత్రం ఇంటికొచ్చి తాళాలు బీరువాలో పెట్టేస్తే, కారు నెలల తరబడి సెల్లార్లో కవరు కప్పుకుని పడుంటుంది.

మన ఊళ్లలో లైసెన్సు ఉండీ బండి తీయనివాళ్లు బోలెడంతమంది. వాళ్ల లైసెన్సు ఎయిర్‌పోర్టులో చూపించే గుర్తింపు కార్డుగానే బతికేస్తుంది. ఎందుకు తీయడం లేదంటే అందరిదీ ఒకటే జవాబు: "ఇంకా ధైర్యం చాలడం లేదండీ." ధైర్యం వచ్చాక నడుపుదామని వీళ్ల ఆలోచన. నడపకుండా అది ఎక్కడి నుంచి వస్తుంది?

ఆత్మవిశ్వాసం మీద చాలాకాలం పనిచేసిన మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బాండూరా 1977లోనే ఈ ముడి విప్పాడు. ఒక పని తనవల్ల అవుతుందన్న నమ్మకం మనిషికి ప్రధానంగా ఆ పని చేసి నెగ్గడం వల్లే వస్తుందన్నాడు. పక్కవాళ్లు "నువ్వు చేయగలవు" అని చెప్పడం వల్ల వచ్చే నమ్మకం అంత గట్టిది కాదు, ఒక్క ఎదురుదెబ్బకే కరిగిపోతుంది. వ్యక్తిత్వ వికాసం రాసేవాళ్లకు ఇది కాస్త ఇబ్బంది పెట్టే మాటే అనుకోండి. అందుకే ఇక్కడ ఉత్సాహపు మాటలు తగ్గించి, చిన్న చిన్న గెలుపులు ఎలా సంపాదించుకోవాలో చూద్దాం.

ముందు డ్రైవింగ్ స్కూల్ సంగతి. పదిహేను ఇరవై రోజులు, రోజుకో అరగంట. పక్కన కూర్చున్న మాస్టారి కాళ్ల కింద ఇంకో బ్రేకు, ఇంకో క్లచ్ ఉంటాయి. మీరు నడుపుతున్నారనుకుంటారు గానీ సగం ఆయనే నడుపుతుంటాడు. స్పీడ్ బ్రేకర్ దగ్గర బండి మెత్తగా తగ్గిందంటే అది మీ గొప్పో ఆయన పాదం గొప్పో మీకు తెలియదు. కోర్సు అయిపోయి సొంత కారెక్కిన మొదటి రోజు ఆ రెండో బ్రేకు ఉండదు. నిన్నటిదాకా వచ్చిన డ్రైవింగ్ ఇవాళ రాలేదనిపిస్తుంది. నిజానికి పూర్తిగా వచ్చింది ఎప్పుడు గనక? చివరి నాలుగైదు క్లాసుల్లో మాస్టారితో గట్టిగా చెప్పండి: "సార్, ప్రమాదమైతే తప్ప మీ కాళ్లు పెట్టకండి. ఆఫ్ అయితే కానివ్వండి." మంచి మాస్టారైతే సంతోషిస్తాడు. విసుక్కుంటే మరో స్కూల్లో నాలుగు క్లాసులు అదనంగా తీసుకోండి. బంపర్ మార్పించే ఖర్చు కంటే అది తక్కువే.

మొదటి రోజుల్లో బుర్ర ఎందుకు వేడెక్కిపోతుందో తెలిస్తే మిమ్మల్ని మీరు తిట్టుకోవడం మానేస్తారు. పనులు మనిషికి ఎలా అబ్బుతాయో ఫిట్స్, పోస్నర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1967లో మూడు దశలుగా చెప్పారు. మొదటి దశలో ప్రతి కదలికా ఆలోచించి చేయాలి. క్లచ్ నొక్కాలి, గేరు మార్చాలి, అద్దం చూడాలి, ఇండికేటర్ వేయాలి. ఒక్కొక్కటీ బుర్రలోంచి విడిగా బయటికి రావాలి. రెండో దశలో అవి ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మూడో దశలో కాళ్లు వాటి పని అవి చేసుకుపోతాయి, మీరు పక్కవాళ్లతో పప్పులో ఉప్పు గురించి మాట్లాడుకోవచ్చు. మొదటి దశలో ఉన్నవాడి బుర్రలో హారన్‌కి ఖాళీ ఉండదు. అందుకే అది పడగానే అంతా చెదిరిపోతుంది. ఇది పిరికితనం కాదు. చోటు చాలకపోవడం, అంతే.

అందుకని ఆ చోటు కాపాడుకోవాలి. పాటలు కట్టేయండి. ఫోను వెనక సీట్లో పారేయండి. అన్నిటికంటే ముఖ్యం, పక్క సీట్లో ఎవరిని కూర్చోబెట్టుకుంటున్నారో చూసుకోండి. మన ఇళ్లలో ఈ విషయంలో కాపురాలే కదిలిపోతాయి. ఆవిడ స్టీరింగ్ పట్టుకుంటుంది, ఆయన డాష్‌బోర్డు పట్టుకుంటాడు. "మెల్లగా... మెల్లగా... బ్రేక్! బ్రేక్! అబ్బా, చూసుకోవద్దూ!" ఆటో ఇంకా ముప్పై అడుగుల దూరంలోనే ఉంటుంది. "మీరు కాసేపు మాట్లాడకుండా ఉండండీ" అని ఆవిడంటుంది. ఇద్దరూ మొహాలు ముడుచుకుని ఇంటికొస్తారు. పక్కన కూర్చునేవాడికి బాగా నడపడం వస్తే చాలదు, నోరు కట్టుకోవడం కూడా వచ్చి ఉండాలి. ఇంట్లో ఎక్కువ అనుభవం ఉన్న మనిషిని వదిలేసి, తక్కువ మాట్లాడే మనిషిని ఎంచుకోండి. బయల్దేరే ముందే ఒప్పందం చేసుకోండి: ప్రమాదం ఉంటే "ఆపు" అనాలి, మిగతా వ్యాఖ్యానమంతా బండి ఆగాక.

ఇప్పుడు అసలు జబ్బుకి మందు. బండి ఆఫ్ అవడమంటే మీకు భయం కదా, దాన్ని కావాలనే ఆఫ్ చేయండి. ఆదివారం పొద్దున్నే ఖాళీ గ్రౌండుకి వెళ్లి, మొదటి గేరులో క్లచ్ టక్కున వదిలేయండి. బండి ఒక్క కుదుపు కుదిపి ఆగిపోతుంది. క్లచ్ తొక్కి, బ్రేకు తొక్కి, న్యూట్రల్ చేసి, తాళం తిప్పి, మళ్లీ మొదటి గేరు వేసి కదలండి. పది సార్లు చేయండి, ఇరవై సార్లు చేయండి. బండి ఆగడం నుంచి మళ్లీ కదలడం దాకా పట్టేది కొన్ని సెకన్లే అని మీ కాళ్లకు తెలియాలి. బుర్రకు తెలిస్తే సరిపోదు. ఇలా ఒక పొద్దుట చేసినవాళ్లకు సిగ్నల్ దగ్గర బండి ఆగితే అది తెలిసిన పనే. తెలిసిన పని చేసేటప్పుడు చేతులు వణకవు.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు మధ్యలో ట్రాఫిక్ ఆగితే బండి వెనక్కి జారుతుందన్న భయానికీ ఇదే వైద్యం. హ్యాండ్ బ్రేక్ వేసి ఉంచండి. హాఫ్ క్లచ్‌కి వచ్చి కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వగానే బండి ముందుకు పోవాలని కొద్దిగా లేస్తుంది, శబ్దం మారుతుంది. అప్పుడు హ్యాండ్ బ్రేక్ దించండి. విశాఖలో ఉండేవాళ్లకు ఇంటి ముందే ఎత్తుపల్లాలు దొరుకుతాయి కాబట్టి ఇది త్వరగా పట్టుబడుతుంది. మిగతావాళ్లు ట్రాఫిక్ లేని ఏదో ఒక ఎత్తు వెతుక్కోవాలి. గేర్లు లేని కారు కొన్నారా, ఈ బాధే లేదు. అందులో సిగ్గుపడాల్సింది కూడా లేదు. బ్రేకుకీ యాక్సిలరేటర్‌కీ కుడికాలు ఒక్కటే వాడాలని మాత్రం గుర్తుంచుకోండి. ఎడమకాలిని ఖాళీగా కూర్చోబెట్టండి.

కారు మధ్యలో ఆగిపోవడం అవమానమనుకునేవాళ్లు బెర్తా బెంజ్ కథ తెలుసుకోవాలి. 1888 ఆగస్టులో ఆవిడ భర్త కార్ల్ బెంజ్‌కి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, ఆయన తయారుచేసిన మూడు చక్రాల మోటారు బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్జ్‌హైమ్‌కి బయల్దేరింది. దూరం వంద కిలోమీటర్ల పైచిలుకు. కారులో అంత దూరం అంతకు ముందు ఎవరూ వెళ్లలేదు. దారిలో ఇంధనం గొట్టం మూసుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. పెట్రోలు బంకులు లేని కాలం కాబట్టి వీస్లోక్ ఊళ్లో మందుల షాపులో ఇంధనం కొంది. బ్రేకు అరిగిపోతే చెప్పులు కుట్టేవాడి చేత తోలు వేయించింది. ఎత్తు వచ్చినచోట కొడుకులు దిగి తోశారు. చరిత్రలో మొదటి దూరప్రయాణమే ఆగి, ఆగి సాగింది. ఒక్క విషయంలో ఆవిడ అదృష్టవంతురాలు, వెనక హారన్ కొట్టడానికి ఇంకో కారు లేదు. ఆడవాళ్ల డ్రైవింగ్ మీద జోకులేసేవాళ్లకు ఈ కథ చెప్పి చూడండి, కాసేపు నోరు మూస్తారు.

బైకు మీద పెరిగిన కుర్రాళ్లకు ఈ భయాలు తక్కువ. రోడ్డు వాళ్లకు ముందే తెలుసు. వాళ్లతో చిక్కు మరొకటి: కారుకు వెడల్పు ఉందన్న సంగతి మర్చిపోతారు. సందు కనిపిస్తే దూరే అలవాటు చేతుల్లో ఉండిపోతుంది. మన స్టీరింగ్ కుడి పక్కన కాబట్టి ఎడమ పక్క ఎంత చోటుందో అంచనా దొరకడం ఎవరికైనా కష్టమే. దానికి ఒక చిన్న అభ్యాసం ఉంది. రోడ్డు పక్కన ఆపిన ప్రతిసారీ, దిగే ముందు ఎడమ చక్రానికీ గట్టుకీ మధ్య ఎన్ని జానల చోటు ఉంటుందో మనసులో అనుకోండి. తర్వాత దిగి చూడండి. మొదట్లో లెక్క దారుణంగా తప్పుతుంది, కొన్నాళ్లకు కన్ను తేరుతుంది. సెల్లార్లో స్తంభాల మధ్య రివర్స్ చేయడం కూడా ఇలాగే నేర్చుకోవాలి. వాచ్‌మన్ "రానీ, రానీ, రానీ" అంటూ చేయి ఊపుతుంటే అద్దాలు వదిలేసి అతని చేతినే చూసేవాళ్లున్నారు. అద్దం అబద్ధం చెప్పదు. వాచ్‌మన్ కూడా చెప్పడు గానీ, "ఆపండి" అనడం ఒక్క క్షణం ఆలస్యం చేస్తాడు.

ఎక్కడ నడపాలన్నదానికి నాకు తెలిసిన మంచి పద్ధతి ఒక్కటే. ఒకసారికి ఒక్కదాన్నే మార్చండి. ఇంటి నుంచి కూరగాయల మార్కెట్ దాకా ఒక దారి పెట్టుకోండి. అదే దారి తెల్లవారుజామున, తర్వాత మధ్యాహ్నం, తర్వాత సాయంత్రం. దారి ఒకటే, ట్రాఫిక్ మారుతుంది. ఆ తర్వాత కొత్త దారి తీసుకుంటే మళ్లీ ఖాళీ వేళ నుంచి మొదలుపెట్టండి. రాత్రి ప్రయాణం, వాన, హైవే దేనికదే విడిగా రావాలి. కొత్త హైవే, రాత్రి, వాన, కారు నిండా చుట్టాలు అన్నీ ఒకే రోజు నెత్తిన పెట్టుకుంటే నేల విడిచి సాము చేయడమే. పెళ్లికి వెళ్తున్నాం కదా, ఇదే అవకాశం అని చాలామంది సరిగ్గా ఈ పనే చేస్తారు.

మళ్లీ హారన్ దగ్గరికి వద్దాం. ఎల్‌ఎల్‌ఆర్‌తో నడిపేటప్పుడు కారు ముందూ వెనకా తెల్లటి చదరం మీద ఎర్రటి ఎల్ అక్షరం, పక్కన లైసెన్సున్న మనిషి ఉండి తీరాలి. అది చట్టం. లైసెన్సు రాగానే ఆ ఎల్‌ని పీకి పారేస్తాం, అదేదో శిక్ష తీరినట్టు. జపాన్‌లో గుర్తు పెట్టుకోవడం లైసెన్సు వచ్చాకే మొదలవుతుంది. అక్కడ కొత్త డ్రైవర్లు ఏడాదిపాటు ఆకుపచ్చ, పసుపు రంగుల ఆకు గుర్తు కారుకు అంటించుకోవాలి. 1972 నుంచి ఉన్న పద్ధతి ఇది. ఆ గుర్తున్న కారును పక్కనుంచి నెట్టుకొస్తూ ఇబ్బంది పెట్టడం మిగతావాళ్లకు నేరం. మనకు అలాంటి రక్షణ లేదు. అయినా కొన్నాళ్లు వెనక అద్దానికి "కొత్త డ్రైవర్" అని రాసి పెట్టుకోండి. హారన్లు పూర్తిగా ఆగవు, కొన్ని తగ్గుతాయి. మిగిలిన వాటికి ఒకటే సమాధానం. వెనకవాడికి మీ ముందున్న గుంత కనపడదు, దాటుతున్న ముసలాయన కనపడడు. వాడు కొట్టేది వాడి తొందర. దాని కోసం మీ క్లచ్ ముందే వదలక్కర్లేదు.

కొన్ని నెలలకు ఈ భయం పోతుంది. నన్నడిగితే నిజమైన ప్రమాదం అప్పుడు మొదలవుతుంది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 1,68,491 మంది అని కేంద్ర రవాణా శాఖ లెక్క. ప్రతి పదిమందిలో ఏడుగురి చావుకు అతివేగమే కారణమని నమోదైంది. బండి ఆఫ్ చేసుకుని సిగ్నల్ దగ్గర చెమటలు పట్టించుకునే కొత్త డ్రైవర్ వల్ల ఎవరికీ ఏమీ కాదు, అందరికీ అర నిమిషం ఆలస్యమవుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మీరు ఒక్కసారి ఫోను వైపు రెండు సెకన్లు చూస్తే బండి 33 మీటర్లు కళ్లు మూసుకుని పోయినట్టే. వేగం రెట్టింపైతే బ్రేకు వేశాక బండి ఆగే దూరం నాలుగింతలవుతుంది. వేళ్ల మీద వేసుకునే లెక్క, దీనికి అనుభవంతో పనిలేదు.

నిదానానికి మన దగ్గరే ఒక మంచి బడి ఉంది. తిరుమలకు మొదటి ఘాట్ రోడ్డు 1944లో, రెండోది 1974లో వచ్చాయి. పాత దారిలో దిగుతారు, కొత్త దారిలో ఎక్కుతారు. కొండెక్కడానికి 28 నిమిషాలు, దిగడానికి 40 నిమిషాలు తగ్గకుండా పట్టాలని టీటీడీ పెట్టిన లెక్క. ముందే చేరినవాడు తప్పు చేసినవాడు. దేశంలో రోడ్లన్నిటి మీదా త్వరగా చేరడమే గొప్ప అనుకుంటుంటే, ఇక్కడ త్వరగా చేరితే సంజాయిషీ చెప్పుకోవాలి. దిగేటప్పుడు బ్రేకు మీదే కాలు పెట్టి కూర్చుంటే అది వేడెక్కి పట్టు తప్పుతుంది. రెండో గేరులో ఉంచి ఇంజను చేతనే బండిని పట్టి ఉంచాలి. సొంతంగా కారు నడుపుకుంటూ స్వామి దర్శనానికి వెళ్లాలని మీకు ఉంటే, దాన్ని మొదటి నెలలో పెట్టుకోకండి. ఏడాది తర్వాత, పగటి పూట వెళ్లండి.

ఇదంతా చదివి "రేపటి నుంచి" అనుకుంటున్నవాళ్లలో ఇంకా లైసెన్సు రానివాళ్లు ముందు ఎల్‌ఎల్‌ఆర్ మీద తేదీ చూసుకోండి. తీసుకున్న 30 రోజుల తర్వాతే డ్రైవింగ్ టెస్టుకి వెళ్లనిస్తారు. ఆరు నెలలు దాటితే దాని గడువు తీరిపోతుంది, మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకోవాలి. టెస్టు స్లాట్ ఇవాళే బుక్ చేసుకోండి.