అతిసారంలో పరిచారకుని ధర్మం

చరకాచార్యులు చికిత్సకు నాలుగు పాదాలు నిర్దేశించారు: వైద్యుడు, ఔషధం, పరిచారకుడు, రోగి. మొదటి రెండూ ఊరికి దూరంగా ఉండవచ్చు. పరిచారకుడు మాత్రం రోగి పక్కనే ఉంటాడు. తల్లి, అమ్మమ్మ, పొరుగింటివారు, ఊరిలోని ఆశా కార్యకర్త - వీరే నా దృష్టిలో ఆ మూడవ పాదం. అది దృఢంగా ఉన్నచోట వైద్యం పేదవారికి కూడా అందుతుంది. అందుకు అతిసారమే చక్కని నిదర్శనం.

అతిసారంలో పసిబిడ్డ ప్రాణాలకు ముప్పు తెచ్చేది ముఖ్యంగా అబ్ధాతు క్షయం. నీటితోపాటు లవణాలు కూడా పోతాయి గనుక ఒట్టి నీరు చాలదు. ఉప్పు, చక్కెర తగిన పాళ్లలో కలిసినప్పుడు పేగులు వాటిని, వాటి వెంట నీటిని కూడా గ్రహిస్తాయి.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలాన పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైన్ సీసాలు చాలలేదు. డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, వంటసోడా, గ్లూకోజు కలిపిన నీటిని రోగుల బంధువుల చేతనే తాగించారు. సుమారు 30 శాతంగా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు తగ్గాయి. అక్కడ ప్రాణాలు నిలిపినది పరిచారకుల చేతి గ్లాసే.

1978లో ఆల్మా-అటా సమావేశం ప్రజల భాగస్వామ్యంతో కూడిన ప్రాథమిక వైద్యం అందరికీ అందాలని చాటింది. మన దేశంలో 2005లో ఆరంభమైన ఆశా వ్యవస్థ ఆ మార్గంలోనిదే.

తయారీ విధానం: ఓ.ఆర్.ఎస్. పొట్లం ఉత్తమం. పొట్లంపై సూచించినంత నీటిలో మొత్తం పొడిని ఒకేసారి కలపాలి. పొట్లం దొరకనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో తలకొట్టిన 6 చిన్న చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలపండి. ఉప్పు ఎక్కువైతే హాని. విరేచనమైన ప్రతిసారీ రెండేళ్లలోపు బిడ్డకు 50 నుండి 100 మిల్లీలీటర్లు, అంతకు పెద్ద పిల్లలకు 100 నుండి 200 మిల్లీలీటర్లు కొద్దికొద్దిగా పట్టాలి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ పట్టాలి. 24 గంటలు దాటిన ద్రావణాన్ని పారబోయాలి.

పథ్యం: లంఘనం పేరిట బిడ్డను పస్తుంచరాదు. బాలురు, వృద్ధులు, గర్భిణులు లంఘనానికి తగినవారు కారు. తల్లిపాలు ఆపకూడదు. అన్నం తినే వయసు పిల్లలకు వరిపేలాల జావ, పలుచని మజ్జిగ అన్నం హితకరం. ఆమాతిసారంలో తొలుతనే స్తంభనౌషధం కూడదని శాస్త్రం. విరేచనాలు కట్టే మాత్రలు పసివారికి ఇవ్వవద్దని ఆధునిక వైద్యులు కూడా చెబుతారు. జింకు మాత్రలను ఆశా కార్యకర్తను గానీ, వైద్యుని గానీ అడిగి 14 రోజులు వాడాలి.

ఆలస్యం తగని లక్షణాలు: కళ్లు లోతుకు పోవడం, మత్తుగా పడి ఉండడం, తాగలేకపోవడం, మూత్రం తగ్గడం, మలంలో రక్తం, చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా సర్దుకోవడం. వీటిలో ఏది కనిపించినా, బిడ్డ తాగగలిగితే దారిలో ద్రావణం పడుతూ, వెంటనే ఆసుపత్రికి చేర్చాలి.

గృహిణులకు నా విన్నపం: ఇంట నాలుగు పొట్లాలు నిల్వ ఉంచండి. మీ ఇంట పనిచేసే ఆమెకు రెండు ఇచ్చి, కలిపే విధానం ఎదుటనే చేయించి చూపండి. ఆమె తన వీధిలో మరో తల్లికి నేర్పగలదు.