కడెం వరద – దూరదృశ్యం

ఆదిలాబాదు కొండల్లో పుట్టి గోదావరిలో కలిసే కడెం నది వేసవిలో ఇసుకపాయ. శ్రావణంలో దాని రూపమే వేరు. 1958 ఆగస్టులో వరదనీరు కడెం ఆనకట్ట శిరోభాగాన్ని దాటి 46 సెంటీమీటర్ల ఎత్తున పొర్లింది. ఎడమవైపు కట్ట సుమారు 137 మీటర్ల వెడల్పున తెగిపోయింది. కుడివైపు మరి రెండు గండ్లు పడ్డాయి. 2022 జూలైలో అదే ఆనకట్టకు మళ్ళీ అగ్నిపరీక్ష ఎదురైంది. మూడు లక్షల క్యూసెక్కులను మాత్రమే దిగువకు విడువగల కట్టడానికి ఐదు లక్షల క్యూసెక్కుల వరద వచ్చిపడింది. పదిహేడు గేట్లు ఎత్తారు, పద్దెనిమిదవది కదలలేదు. దిగువ గ్రామాల ప్రజలను రాత్రికి రాత్రి ఖాళీ చేయించారు. కట్ట నిలిచింది. ఆ దినాల్లోనే గోదావరి వెంట మంచిర్యాల, మంథని పట్టణాల పల్లపు వీధులు నీట మునిగాయి.

కట్ట తెగితే ఏ ఊరికి ఏ గంటకు నీరు వస్తుంది? ఈ ప్రశ్నకు పూర్వం పెద్దల అనుభవమే సమాధానం. నేడు గణితం కూడా సమాధానమిస్తుంది. నేలను పది మీటర్ల గళ్ళుగా విభజిస్తే ఒక చదరపు కిలోమీటరుకు పదివేల గళ్ళు, అయిదువందల చదరపు కిలోమీటర్లకు యాభై లక్షల గళ్ళు ఏర్పడతాయి. ప్రతి గడిలో నీటిలోతును, వేగాన్ని క్షణక్షణమూ లెక్కించాలి. 2025 జూలైలో కేంద్ర జలశక్తి మంత్రిత్వశాఖ ప్రారంభించిన 'సీ-ఫ్లడ్' వ్యవస్థ ఇటువంటి గణనల ఆధారంగానే మహానది, గోదావరి, తపతి పరీవాహక ప్రాంతాల్లో రెండు రోజుల ముందుగా గ్రామస్థాయి ముంపు సూచనలనిస్తుంది. గోదావరికి సంబంధించిన నమూనాను హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రం రూపొందించింది.

ఇంత లెక్కను ఒక్క సాధారణ యంత్రంపై త్వరగా పూర్తిచేయడం కష్టం. అందువల్ల అనేక కంప్యూటర్లను జతపరచి ఒక క్లస్టర్‌గా నిర్మిస్తారు. కందిలోని హైదరాబాదు ఐఐటీలో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద నెలకొల్పిన 'పరమ్ సేవ' అటువంటిది. దాని సామర్థ్యం 838 టెరాఫ్లాప్స్, అనగా సెకనుకు 838 లక్షల కోట్ల గణనలు.

అయితే లెక్క పూర్తయిన తరువాత మిగిలేది అంకెల గుట్ట. దాన్ని రంగుల చిత్రంగా మార్చి చూడనిదే వరద గమనం బోధపడదు. కరీంనగర్‌లో కూర్చున్న ఒక పరిశోధక విద్యార్థికి అటువంటి క్లస్టర్‌లో ఒక టెరాబైటు ఫలితాలు సిద్ధమయ్యాయనుకొందాం. సెకనుకు పది మెగాబిట్ల వేగంతో వాటిని తన కంప్యూటర్‌కు తెచ్చుకోవడానికి తొమ్మిది రోజులకు పైగా పడుతుంది. అప్పటికి వరద సముద్రంలో కలిసిపోతుంది.

మహాభారతంలో సంజయుడు కురుక్షేత్రాన్ని హస్తినకు మోసుకురాలేదు గదా! చూసినదాన్ని మాత్రమే ధృతరాష్ట్రునికి విన్నవించాడు. దూరదృశ్య పద్ధతి అదే. అంకెలు ఉన్నచోటనే ఉంటాయి. చిత్రం అక్కడనే తయారవుతుంది. చిత్రం మాత్రమే ప్రయాణిస్తుంది. ఆ చిత్రరచన చేసేది జీపీయూ, అనగా వేలకొలది చిన్న లెక్కలను ఏకకాలంలో చేయగల ప్రాసెసర్.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. పాత పద్ధతిలో దూరపు యంత్రం చిత్రాన్ని పంపదు. చిత్రం గీయవలసిన ఆదేశాలను పంపుతుంది. లక్షలాది త్రిభుజాల వివరాలు తీగల వెంట సాగి, చివరకు విద్యార్థి ముందున్న బలహీనమైన యంత్రమే వాటిని గీయాలి. ఈ చిక్కును విప్పినది 'వర్చువల్ జీఎల్' అనే సాఫ్ట్‌వేర్. చిత్రాలు గీసే ప్రోగ్రాం జారీ చేసే ఆదేశాలను ఇది నడుమనే పట్టుకొని క్లస్టర్‌లోని జీపీయూకు మళ్ళిస్తుంది. గీయడం ముగిసిన బొమ్మను 'టర్బో వీఎన్‌సీ' కుదించి పంపుతుంది. ఈ కుదింపు లేకున్నచో పని సాగదు. 1920 బిందువుల వెడల్పు, 1080 బిందువుల ఎత్తు గల ఒక్క చిత్రం ఆరు మెగాబైట్లకు మించుతుంది. సెకనుకు పాతిక చిత్రాలంటే నూటయాభై మెగాబైట్ల పైమాటే.

క్లస్టర్ ఒక్కరి సొత్తు కాదు. తెలంగాణ పల్లెల్లో చెరువునీటిని వంతుల ప్రకారం పొలాలకు పంచే నీరటి ఉండేవాడు. ఇక్కడ 'స్లర్మ్' అనే వ్యవస్థది ఆ పాత్ర. విద్యార్థి ముందు ప్రవేశ యంత్రంలోకి లాగిన్ కావాలి. అది ఊరి వాకిలి వంటిది. అక్కడ భారీ పనులు చేయడం అందరి దారికీ అడ్డుపడటమే. ఒక జీపీయూ, కొంత మెమరీ, రెండు గంటల కాలం కావాలని అతడు స్లర్మ్‌కు విన్నవించుకొంటాడు. వంతు వచ్చాక ఒక యంత్రం కేటాయింపబడుతుంది. దానిపై టర్బో వీఎన్‌సీని ప్రారంభించి, ప్రవేశ యంత్రం మీదుగా ఎస్‌ఎస్‌హెచ్ అనే రక్షిత మార్గాన్ని తన కంప్యూటర్ వరకు ఏర్పరచుకొంటాడు. ఆపై 'పారావ్యూ' వంటి ప్రోగ్రాంను వర్చువల్ జీఎల్ ద్వారా నడిపితే కడెం లోయ తెర మీద విప్పారుతుంది.

ఏర్పాట్లు చేసే నిర్వాహకుని బాధ్యత ఇంకా సున్నితమైనది. ఒకరికి కేటాయించిన జీపీయూను మరొకరు తాకలేనట్లు కట్టడి చేయాలి. లేనిచో స్లర్మ్ ఎన్ని వంతులు వేసినా వృథా. పూర్వం జీపీయూ చిత్రం గీయాలంటే ఆ యంత్రంలో ఎక్స్ సర్వర్ అనే ప్రోగ్రాం నిరంతరం నడుస్తుండవలసి వచ్చేది. 'ఈజీఎల్' మార్గం వచ్చాక ఆ అవసరం తప్పింది. జీపీయూకు మానిటరు తగిలించవలసిన పని కూడా లేదు. చూసే కన్ను కరీంనగర్‌లో ఉన్నది!

తెరపై నీలిరంగు ఎంత నిండుగా ఉన్నా, నేల ఎత్తుల కొలతలు పాతవైతే ఆ చిత్రం తప్పుదారి పట్టిస్తుంది. మధ్యలో కొత్తగా వేసిన రోడ్డుకట్ట నీటిని మళ్ళిస్తుంది, కొలతల్లో ఆ కట్ట లేకుంటే చిత్రంలో నీరు దాని మీదుగా నిశ్చింతగా సాగిపోతుంది. కనుక విద్యార్థి చిత్రాన్ని తిప్పి తిప్పి చూస్తాడు. 2022లో నీరు నిలిచిన వీధులతో పోల్చుకొంటాడు. అనుమానం కలిగిన గడిని దగ్గరకు లాగి లోతు చదువుతాడు. ప్రతి కదలికకూ చిత్రం రవ్వంత ఆలస్యంగా స్పందిస్తుంది, ఆ మాత్రం ఓర్పు దూరానికి చెల్లించే సుంకం.

పని ముగిశాక కిటికీని మూసినంత మాత్రాన చాలదు. అవతల వీఎన్‌సీ ఇంకా నడుస్తూనే ఉంటుంది. మడి నిండిన తరువాత కూడా తూము తెరిచి ఇంటికిపోయిన రైతు చేసే నష్టం వంటిదే ఇదీ. విద్యార్థి దాన్ని ముగిస్తేనే ఆ జీపీయూ కోరిన గడువు తీరకముందే వరుసలో వేచియున్న తరువాతి వ్యక్తికి చేరుతుంది.