ఓట్లు - స్థానములు: 1955 ఆంధ్ర ఎన్నికల పాఠము

ఎన్నికలలో ఒక పక్షము ఘోరముగా ఓడినదని వినగానే ప్రజలు దానిని విడనాడిరని మనము భావింతుము. ఇది తొందరపాటని 1955 నాటి ఆంధ్రరాష్ట్ర ఎన్నికలు తెలుపుచున్నవి.

1952లో మద్రాసు రాష్ట్రమునందలి ఆంధ్ర ప్రాంతమున 140 శాసనసభా స్థానములలో కమ్యూనిస్టులకు 41, కాంగ్రెసుకు 40 లభించినవి. 1953లో ఆంధ్రరాష్ట్రము అవతరించినది. 1954 నవంబరులో ప్రకాశంగారి మంత్రివర్గము పడిపోగా, 1955 ఫిబ్రవరిలో మరల ఎన్నికలు జరిగినవి.

ఈ మధ్యకాలమున కమ్యూనిస్టుల ఓట్లు నూటికి సుమారు 22 నుండి 31కి పెరిగినవి. వారు పోటీచేసిన స్థానములు పెరుగుటయు ఇందుకు కొంత కారణము. అయినను 196 స్థానములలో వారికి దక్కినవి 15 మాత్రమే! 1952లో కమ్యూనిస్టేతరుల ఓట్లు పలు పక్షముల మధ్య చీలినవి. 1955లో కాంగ్రెసు, ప్రజాపార్టీ, కృషికార్ లోక్ పార్టీ ఏకమై పోటీచేసి, 146 స్థానములు గెలుచుకొన్నవి. బెజవాడ గోపాలరెడ్డిగారు ముఖ్యమంత్రి అయిరి.

శాసనసభలో పదమూడవ వంతు స్థానములైనను లేని పక్షమునకు ఓటర్లలో దాదాపు మూడవ వంతు మంది మద్దతు కలదన్నమాట. స్థానములు ప్రభుత్వమును నిర్ణయించును. ప్రజాభిప్రాయమును ఎరుగుటకు ఓట్లను కూడ లెక్కింపవలెను. ఏ ఎన్నికల ఫలితములను చదివినను విద్యార్థులమైన మనము ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన ఉంచి చూచుట అలవరచుకొందము.