ఏడాది నిండింది, సీటు తిప్పేద్దామా?

"పాపకు ఏడాది నిండింది గదా డాక్టరుగారూ, ఇంక సీటు ముందుకు తిప్పెయ్యచ్చా?" కోయంబత్తూరులో పీళమేడు, సూలూరు వైపు తెలుగిళ్లలోనైనా, అటు మదురైలోనైనా చిన్న వయసు తల్లిదండ్రులు అడిగేది ఇదే. అడిగేది ఒక్క మాటే గానీ దాని వెనక చాలా ఉంటుంది. బిడ్డ కాళ్లు మడుచుకుపోతున్నాయని తల్లికి దిగులు. వెనక సీట్లో ఏడుపు వినపడుతుంటే బండి మీద ధ్యాస నిలవడం లేదని తండ్రికి బాధ. పసిబిడ్డను ఒడిలో పెట్టుకోక ఆ బెల్టులతో కట్టేస్తారా అని అవ్వకు కోపం. పైగా పుట్టువెంట్రుకలు తీయించడానికి తిరుమలకో, సాత్తూరు, కోవిల్‌పట్టి వైపు కులదేవత గుడికో పోవలసిన ప్రయాణాలన్నీ ఆ ఏడాది చుట్టూనే వచ్చి పడతాయి.

జవాబు ముందే చెప్పుకుందాం. ఏడాదికి తిప్పవద్దు. కనీసం రెండేళ్లు నిండేదాకా బిడ్డ వెనక్కి తిరిగే కూర్చోవాలి. సీటు కొలతలు సరిపోతే ఆ తరవాత కూడా అలాగే ఉండడం మేలు.

ఏడాది అన్న లెక్క మీరు కల్పించుకున్నది కాదు. ఒకప్పుడు అమెరికా పిల్లల వైద్యుల సంఘమే ఏడాది వయసు, సుమారు 9 కిలోల బరువు ఉంటే చాలంది. 2011లో దాన్ని రెండేళ్లకు పెంచింది. 2018లో వయసు మాటే తీసేసి, వెనక్కి తిరిగినప్పుడు ఆ సీటు మోయగల బరువు, ఎత్తు దాటేదాకా తిప్పవద్దని చెప్పింది. స్వీడన్ వాళ్లు చాలా ముందే నాలుగేళ్లదాకా వెనక్కే కూర్చోబెట్టడం అలవాటు చేసుకున్నారు. అక్కడ బెర్టిల్ ఆల్డ్‌మన్ అనే ఆచార్యుడు 1960లలో, రాకెట్ పైకి లేచేటప్పుడు వ్యోమగాములు ఆ ఒత్తిడినంతా వీపుతో తీసుకునేలా పడుకోవడం చూసి, పిల్లల సీటును కూడా వెనక్కి తిప్పాడు.

మనవాళ్లు ఎక్కువగా తడబడేది సీటు పక్కన అంటించిన కాగితం దగ్గర. మన దగ్గర దొరికే చాలా సీట్లమీద రెండు లెక్కలుంటాయి: వెనక్కి తిరిగితే 13 కిలోల వరకు, ముందుకు తిరిగితే 9 నుంచి 18 కిలోల వరకు. 9కీ 13కీ మధ్య రెండూ కుదురుతాయన్నమాట. 9 కిలోలు రాగానే తిప్పాలేమోనని మనం అనుకుంటాం. అది తిప్పడానికి వీలు కలిగే బరువే గానీ తిప్పవలసిన బరువు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎదుగుదల పట్టికల్లో ఏడాది ఆడపిల్ల సగటు బరువు 8.9 కిలోలు, మగపిల్లవాడిది 9.6. రెండేళ్లకు 11.5, 12.2. అంటే మామూలుగా ఎదిగే బిడ్డ రెండేళ్లు నిండేసరికి కూడా 13 కిలోలకు చేరదు. తల పైభాగం సీటు అంచుకు ఒక అంగుళం కిందకు ఉన్నంత వరకు ఎత్తు గురించీ దిగులు లేదు. కొన్ని సీట్ల కొలతలు వేరుగా ఉంటాయి గనుక మీ సీటు మీద రాసిందే మీకు లెక్క.

ఇంత పట్టుదల ఎందుకంటే, మెడ వల్ల. పుట్టిన బిడ్డలో తల పొడవే ఒంటిలో నాలుగో వంతు. లేత తొడిమకు పెద్ద గుమ్మడికాయ వేలాడినట్టు ఉంటుంది ఆ మెడ. అందులోని పూసలు ఇంకా పూర్తిగా ఎముక కాలేదు, వాటి ముక్కల మధ్య మృదులాస్థి ఉంది. అవన్నీ అతుక్కోవడానికి కొన్నేళ్లు పడుతుంది. ముందుకు చూస్తూ కూర్చున్న బిడ్డను, కారు దేనికైనా గుద్దుకున్నప్పుడు, బెల్టులు భుజాల దగ్గర ఆపుతాయి. తలను ఆపేదేమీ ఉండదు, అది ముందుకు విసురుగా పోతుంది. ఆ లాగుడంతా మెడే భరించాలి. వెనక్కి తిరిగి ఉంటే తల, మెడ, వీపు మూడూ కలిసి సీటులోకి ఒత్తుకుంటాయి, దెబ్బ పరుచుకుంటుంది. వెనక నుంచి ఎవరైనా గుద్దితేనో అని అడుగుతారు. అలాంటివీ జరుగుతాయి, కానీ ప్రాణం మీదికి తెచ్చేవి ఎక్కువగా ఎదురు దెబ్బలే.

కాళ్ల సంగతి వదిలేయండి. పసిపిల్లలు బాసింపట్టు వేసుకునో, కాళ్లు సీటు మీదికి చాపుకునో గంటలకొద్దీ హాయిగా ఉంటారు. అలా ఉండడం కష్టంగా తోచేది మన మోకాళ్లకు.

ఇప్పుడు ఒక కఠినమైన మాట చెప్పక తప్పదు. అవ్వ ఒడి ఇంట్లో ఎంత భద్రమో కారులో అంత కాదు. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోయే కారు సెకనులో పదో వంతులో ఆగిపోతే, 10 కిలోల బిడ్డ ఆ క్షణంలో నూరు కిలోలకు పైబడిన బలంతో ముందుకు పోతుంది. ఆ బరువును ఎవరి చేతులూ పట్టలేవు, ఎంత ప్రేమగా పట్టుకున్నా సరే. మేనమామ ఒడి గుడిలో చెవులు కుట్టే వేళకు. అక్కడికి చేరేదాకా బిడ్డ తన సీటులోనే ఉండాలి. చట్టం కూడా ఇప్పుడు ఈ మాటే అంటోంది: మోటారు వాహనాల చట్టానికి 2019లో చేసిన సవరణ తరవాత, 14 ఏళ్ల లోపు పిల్లలను బెల్టు గానీ పిల్లల సీటు గానీ లేకుండా తీసుకుపోతే వెయ్యి రూపాయల జరిమానా.

"మేమంతా అట్లనే పెరిగినాం" అంటారు తాతలు. నిజమే. కలంగల్‌లో పుట్టిన మన జి.డి. నాయుడుగారు 1920లో పొల్లాచ్చి–పళని మధ్య బస్సు నడిపిన రోజుల్లో బెల్టు అన్న ఊసే లేదు. మూడు చోట్ల పట్టే నేటి బెల్టు వోల్వో కార్లలోకి వచ్చిందే 1959లో. కోయంబత్తూరులో ఆయన పేరుతో ఉన్న కార్ల మ్యూజియంకు తాతను, మనవణ్ణి కలిపి తీసుకుపోండి. ఆ పాత కార్ల లోపలికి తొంగి చూస్తే తాతే ఒప్పుకుంటారు. అప్పటి రోడ్డు మీద ఈ నాలుగు వరుసల హైవే వేగాలూ లేవు.

ఇక ఏడుపు. ఎనిమిది నెలల నుంచి ఏడాదిన్నర వరకు బిడ్డకు అమ్మ కనబడకపోవడమే పెద్ద భయం. ముందు సీట్లో మీరు ఉన్నారని మీకు తెలుసు, పాపకు తెలియదు. ముందుకు తిప్పినా ఆమెకు కనబడేది మీ సీటు వెనకభాగమే. అందుకే వీలైనప్పుడల్లా ఒకరు ఆమె పక్కనే కూర్చోండి. అవ్వ అయితే మరీ మంచిది. మన ఇళ్లలో తెలుగు బడిలో నేర్చేది కాదు, పలక మీద రాసేదీ కాదు, పెద్దల నోటి నుంచి వినేది. దిండిగల్ దాటేదాకా అవ్వ పక్కన కూర్చుని కబుర్లు చెబితే బిడ్డకు అంతకన్నా ఏం కావాలి? ఒడి ఇవ్వలేకపోయానన్న అవ్వ బాధ కూడా తీరుతుంది. ఒంటరిగా నడపవలసి వస్తే గొంతు వినిపిస్తూ ఉండండి.

ఏడాదిన్నర దాటాక ఏడుపు తీరు మారుతుంది. ఒళ్లు విల్లులా వంచి బెల్టు వద్దంటుంది. అది భయం కాదు, తన పని తానే చేసుకోవాలన్న పంతం. ఏ బొమ్మ వెంట రావాలో ఆమెనే ఎంచుకోనివ్వండి, కుడి చెయ్యి ముందా ఎడమ చెయ్యి ముందా అని అడగండి. బెల్టు వేసుకోవాలా వద్దా అని మాత్రం అడగకండి.

వాల్పారై 40 మలుపుల దారిలో వాంతి చేసుకుంటే, వెనక్కి కూర్చోబెట్టినందువల్లేనని వెంటనే అనుకోవద్దు. రెండేళ్ల లోపు పిల్లల్లో ప్రయాణపు వాంతులు అరుదు. మలుపులకు ముందే కడుపునిండా పాలు పట్టామేమో చూసుకోవాలి. ఊటీ చలికి మందపాటి స్వెటర్ వేసి బెల్టు బిగిస్తే బెల్టు వదులుగా ఉండిపోతుంది. ముందు బెల్టు, పైన దుప్పటి. పట్టు పావడ కూడా అంతే, కాళ్ల మధ్య పట్టీకి అడ్డం రాకుండా పైకి తీసి కట్టాలి. మదురై ఎండలో ఆగిన కారు అయితే బకిల్ చేత్తో తాకి చూసి మరీ పెట్టండి. ఎయిర్‌బ్యాగ్ పనిచేసే ముందు సీట్లో వెనక్కి తిరిగిన పిల్లల సీటు ఎన్నడూ పెట్టవద్దు, ఒక్క వీధి దాకానైనా సరే.

తిప్పే రోజు వచ్చేసరికి రెండు మార్పులు గుర్తుంచుకోండి. వెనక్కి ఉన్నప్పుడు భుజాల పట్టీలు భుజాల ఎత్తునో, కాస్త కిందనో మొదలవ్వాలి. ముందుకు తిప్పాక భుజాల ఎత్తునో, కాస్త పైనో. సీటుకు పైపట్టీ ఉంటే దాన్ని కారులో వెనక ఉన్న కొక్కేనికి తగిలించి బిగించాలి. తల ముందుకు విసురుకోవడాన్ని తగ్గించేది అదే, చాలామంది తగిలించడం మరిచేదీ అదే. ఈ రాత్రి ఒకసారి సీటు పక్కన అంటించిన కాగితం చదవండి, టీకాల పుస్తకంలో బిడ్డ బరువు చూడండి. ఆ బరువు కాగితం మీది హద్దుకు ఇంకా చేరకపోతే, తల అంచు దాటకపోతే, సీటును ఉన్నట్టే ఉంచండి.