కుంటాల జలపాతం - బొగ్గుబాయి విద్యార్థికి ఒక పాఠం

ప్రవహించే నది దారిలో ఉన్నట్టుండి నేల తెగి, నీరు నిలువుగా కిందికి దూకితే దాన్ని జలపాతం అంటాం. నిర్వచనం ఇంత చిన్నది. చూసినవాడికి మాత్రం చెప్పడానికి మాటలు చాలవు. దక్షిణ అమెరికాలో అర్జెంటీనా, బ్రెజిల్ దేశాల సరిహద్దున ఇగువాసు అనే జలపాతం ఉంది. చుట్టూ పచ్చని వర్షారణ్యం. సుమారు 2.7 కిలోమీటర్ల పొడవున, దాదాపు 275 పాయలుగా నది కిందికి దూకుతుంది. అర్జెంటీనా 1934లో, బ్రెజిల్ 1939లో తమ తమ వైపు అడవిని జాతీయ పార్కుగా ప్రకటించాయి. ప్రపంచం నలుమూలల నుంచీ జనం అక్కడికి పోతారు.

మనం అంత దూరం పోలేం. పోనక్కర కూడా లేదు. గోదావరిఖనిలో పొద్దున్నే బయలుదేరితే మధ్యాహ్నానికి కుంటాల చేరవచ్చు. విహారయాత్ర అనగానే మన విద్యార్థులకు హైదరాబాదు, నాగార్జునసాగరు గుర్తుకొస్తాయి. కుంటాల గుర్తుకొచ్చినా, నాలుగు ఫోటోలు దిగి, తెచ్చుకున్న పులిహోర తిని రావడంతో సరిపోతుంది. కానీ మన బొగ్గుబాయి పిల్లలకు కుంటాలలో తరగతి గదిలో దొరకని పాఠం ఒకటి ఉంది. దాని గురించే ఈ వ్యాసం.

దారి ఎలా?

గోదావరిఖని వంతెన దాటి మంచిర్యాల పోవాలి. అక్కడి నుంచి లక్సెట్టిపేట, జన్నారం, కడెం, ఖానాపూర్ మీదుగా నిర్మల్. నిర్మల్ నుంచి మహబూబ్ ఘాట్ ఎక్కి, ఆదిలాబాదు పోయే జాతీయ రహదారి మీద నేరడిగొండ. నేరడిగొండ నుంచి పక్కదారిన 12 కిలోమీటర్లు పోతే కుంటాల. నిర్మల్ జిల్లాలో కుంటాల అనే పేరుతోనే వేరే మండలం ఉంది. తెలియనివాళ్ళు అక్కడికి పోయి తిరిగి వస్తుంటారు. కాబట్టి "నేరడిగొండ కుంటాల" అని అడగండి.

ఈ దారిలో ఒక విశేషం గమనించండి. కడెం దగ్గర ఆనకట్ట కనిపిస్తుంది. కుంటాలలో దూకేది ఈ కడెం నదే. అంటే మనం నదికి ఎదురు పోతున్నామన్న మాట. ఆ నది కిందికి వచ్చి గోదావరిలో కలుస్తుంది. ఆ గోదావరి నీటినే మన పక్కన శ్రీపాద ఎల్లంపల్లి ప్రాజెక్టులో ఆపుతారు. రామగుండం థర్మల్ విద్యుత్ కేంద్రానికి నీళ్ళు అక్కడివే. దూరాన ఉన్న హైదరాబాదు నగరం కూడా ఆ నీళ్ళు తాగుతున్నది. కాబట్టి కుంటాల మనకు పరాయి చోటు కాదు. మన ఇంటి నల్లాకు, మన బల్బుకు దానితో చుట్టరికం ఉంది.

బండ, నీరు, గుండం

కుంటాల జలపాతం ఎత్తు సుమారు 45 మీటర్లు, అంటే 147 అడుగులు. రెండు అంచెలుగా దూకుతుంది. తెలంగాణలో ఎత్తయిన జలపాతంగా దీనికి పేరు. చుట్టూ టేకు అడవి. ఇది ఇగువాసులా ఏడాదంతా పచ్చగా ఉండే వర్షారణ్యం కాదు. ఎండాకాలం వస్తే ఆకు రాల్చి మోడుబారుతుంది, తొలకరికి మళ్ళీ చిగురిస్తుంది. జలపాతం తీరు కూడా అంతే. ఎండాకాలం సన్నని ధార, వానాకాలం భయంకరమైన హోరు. వానలు వెనుకబట్టిన తరువాత, సెప్టెంబరు చివరి నుంచి డిసెంబరు దాకా చూడటానికి మంచి కాలం.

శకుంతల ఇక్కడ స్నానమాడిందని, అందుకే కుంటాల అన్న పేరు వచ్చిందని కొందరు చెప్తారు. నీటి కుంటల వల్లనే ఆ పేరని మరికొందరంటారు. జలపాతం దగ్గర సోమేశ్వరుడి లింగం ఉంది. శివరాత్రికి చుట్టుపక్కల ఊళ్ళ జనం దర్శనానికి వస్తారు.

ఇక శాస్త్రం సంగతి. నీరు ఎందుకు దూకుతుంది? నది బండను కోస్తుంది. అన్ని బండలూ ఒకే తీరున కోతకు లొంగవు. గట్టి బండ నిలుస్తుంది, దాని కింద, దాని ముందు ఉన్న మెత్తనిది, పగుళ్ళు పట్టినది కొట్టుకుపోతుంది. మెట్టు ఏర్పడుతుంది. మెట్టు మీది నుంచి దూకిన నీరు కింద గుండం తవ్వుతుంది. గుండంలో సుడి తిరిగే గులకరాళ్ళు రోలులో రోకలిలా బండను అరగదీస్తాయి. పై బండ అడుగు డొల్లయి, ఒకనాడు విరిగి పడుతుంది. అలా జలపాతం ఏళ్ళ తరబడి మెల్లమెల్లగా వెనక్కి నడుస్తుంది. మనిషి జీవితకాలంలో ఆ నడక కంటికి కనిపించదు. బండకు తొందర లేదు.

గోండుల పేరు, ప్రపంచ పటం మీద

కుంటాల చుట్టూ ఉన్నది గోండు గూడేల సీమ. గోండు వీరుడు కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణాలిచ్చింది ఈ జిల్లా అడవుల కోసమే. ఆ పోరాటం పేరు చెప్పగానే జల్, జంగల్, జమీన్ అనే మూడు మాటలు గుర్తుకొస్తాయి.

ఈ గోండుల పేరే భూగర్భ శాస్త్రంలో శాశ్వతంగా నిలిచింది. మధ్య భారతంలోని గోండుల సీమను గోండ్వానా అనేవారు. భారత భూగర్భ సర్వే శాఖలో పనిచేసిన మెడ్లికాట్ 1872లో ఇక్కడి బొగ్గు దొరికే రాతిపొరలకు గోండ్వానా అని పేరు పెట్టాడు. 1885లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు సూయెస్ ఆ పేరును ఒక పూర్వకాలపు మహాఖండానికే పెట్టాడు. ఇండియా, ఆఫ్రికా, దక్షిణ అమెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఒకప్పుడు ఒకటిగా ఉండేవి. అంటే ఇగువాసు ఉన్న నేల, కుంటాల ఉన్న నేల ఒక తల్లి బిడ్డలే!

దీనికి సాక్ష్యం ఏమిటి? మన బొగ్గే. సుమారు 27, 28 కోట్ల సంవత్సరాల కిందట మన గోదావరి లోయలో నీరు నిలిచే చిత్తడి అడవి ఉండేది. అందులో గ్లాసోప్టెరిస్ అనే చెట్లు విస్తారంగా పెరిగేవి. గ్రీకు భాషలో గ్లాసా అంటే నాలుక. ఆకు నాలుక ఆకారంలో ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఈ చెట్లు కూడా మన టేకులాగానే ఆకు రాల్చేవని శాస్త్రజ్ఞుల అభిప్రాయం. రాలిన ఆకు, విరిగిన కొమ్మ నీటి అడుగున కుళ్ళిపోకుండా పొరలు పొరలుగా పేరుకున్నాయి. పైన ఇసుక, ఒండ్రు పడింది. బరువుకు, వేడికి, కాలానికి అదంతా బొగ్గయింది. మన అన్నలు, నాయినలు బాయిలో దిగి తవ్వేది ఆ అడవినే.

దక్షిణ ధ్రువం చేరి తిరిగి వస్తూ 1912లో మంచులో ప్రాణాలు విడిచిన స్కాట్ బృందం దగ్గర సుమారు 16 కిలోల రాళ్ళు దొరికాయి. ఆకలితో, చలితో చస్తూ కూడా వాళ్ళు ఆ బరువును వదల్లేదు. వాటిలో గ్లాసోప్టెరిస్ ఆకు అచ్చులున్నాయి. మన బాయిలో బొగ్గుపొర పక్కన రాతిపలక మీద కనిపించే ఆకు అచ్చు, అంటార్కిటికా మంచులోనూ కనిపించింది.

1871లో ఇల్లెందు ప్రాంతంలో విలియం కింగ్ బొగ్గు జాడ తీశాడు. 1886లో హైదరాబాద్ (దక్కన్) కంపెనీ ఏర్పడింది. 1920లో అది సింగరేణి కాలరీస్ కంపెనీ అయింది. కోట్ల ఏళ్ళు దాగిన అడవిని మనం తవ్వడం మొదలుపెట్టి గట్టిగా నూటయాభై ఏళ్ళు కాలేదు.

ఒక చిన్న లెక్క

ఇంటర్ భౌతిక శాస్త్రంలో స్థితిశక్తి సూత్రం చదువుకున్నాం కదా! ద్రవ్యరాశిని, గురుత్వ త్వరణాన్ని, ఎత్తును గుణించాలి. వెయ్యి లీటర్ల నీరు 45 మీటర్లు పడితే 1000 × 9.8 × 45 = 4,41,000 జౌళ్ళు. ఇది కరెంటు యూనిట్లలో 0.12 మాత్రమే.

ఇప్పుడు బొగ్గు. కిలో బొగ్గు 4,000 కిలోకేలరీల వేడి ఇస్తుందనుకుందాం. అందులో నూటికి 35 వంతులు కరెంటుగా మారితే సుమారు 1.6 యూనిట్లు వస్తాయి. అంటే చేతిలో పట్టే కిలో బొగ్గు చేసే పని చేయాలంటే కుంటాలలో 13 వేల లీటర్లకు పైగా నీరు దూకాలి. 5 వేల లీటర్ల ట్యాంకర్లు రెండున్నర! యంత్రంలో పోయే నష్టం ఇందులో కలపలేదు.

ఇంకో ముచ్చట. పడిన నీటి శక్తి ఎక్కడికి పోతుంది? కొంత హోరుగా, కొంత బండకోతగా పోయినా, దాదాపు అంతా వేడిగా మారుతుంది. 160 అడుగుల నయాగరా పడినప్పుడు నీటి వేడి ఫారన్‌హీట్ డిగ్రీలో అయిదో వంతు పెరగాలని జేమ్స్ జౌల్ 1845లో లెక్కకట్టాడు. మన కుంటాల 147 అడుగులు. లెక్క మీరే కట్టి చూడండి, ఇంచుమించు అంతే వస్తుంది.

ఈ లెక్కతో బొగ్గు గొప్పతనం తెలుస్తుంది. కోట్ల ఏళ్ళ నాటి ఎండను అడవి పట్టి దాచిపెట్టిన మూట అది. కానీ లెక్కకు రెండో వైపు కూడా ఉంది. కాల్చిన కిలో బొగ్గు మళ్ళీ రాదు. దూకిన నీరు మాత్రం సముద్రం చేరి, మొగులై, వానై, వచ్చే ఏడు మళ్ళీ అదే బండ మీది నుంచి దూకుతుంది. మన ఊళ్ళు, మన కాలేజీలు, మన ఇళ్ళల్లో పొయ్యి, అన్నీ తిరిగి రాని దాని మీద ఆధారపడి ఉన్నాయి. ఒక బాయి మూతపడితే ఆ కాలనీ ఏమవుతుందో మనకు ఒకరు చెప్పనక్కర లేదు. అందుకే తిరిగి వచ్చేదాన్ని కాపాడుకోవడం ఎవరికన్నా ఎక్కువగా మనకు అవసరం.

నీరు తిరిగి రావాలంటే

వాన పడితే చాలదు, పట్టి ఉంచే అడవి కావాలి. రాలిన ఆకు, వేళ్ళు పట్టిన మన్ను వాన నీటిని తాగి, నెలల తరబడి ఊటలుగా వదులుతాయి. డిసెంబరులో కూడా కుంటాలలో ధార ఉందంటే ఆ పుణ్యం అడవిది. అడవి పలుచబడితే వాన నీరు ఒక్కసారిగా ఉరికి వస్తుంది, వెంటనే ఎండిపోతుంది. మన్ను కొట్టుకొచ్చి కింది జలాశయంలో పూడిక పడుతుంది. 2022 జులైలో కుండపోత వానలకు కడెం ఆనకట్టకు 5 లక్షల క్యూసెక్కుల వరద వచ్చి, కట్ట నిలుస్తుందా అని కింది ఊళ్ళ జనం ఇళ్ళు వదిలి పోవలసి వచ్చింది. అంతటి వానను ఏ అడవీ పూర్తిగా ఆపలేదు నిజమే, కానీ మామూలు ఏళ్ళలో వరదను తగ్గించేదీ, ఎండాకాలానికి నీళ్ళు మిగిల్చేదీ అడవే. జన్నారం దారిలో మీరు దాటే కవ్వాల్ అడవిని 2012లో పులుల రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పులి కోసం కాపాడిన అడవి నీటిని కూడా కాపాడుతుంది.

జాగ్రత్త!

ఈ మాట కటువుగా చెప్పాలి. కుంటాల గుండాల్లో ఎందరో యువకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. పెద్దపల్లి దగ్గర సబ్బితం జలపాతమైనా, మరొకటైనా, ప్రమాదం ఒకటే. పైకి నిమ్మళంగా కనిపించే గుండం లోతు కంటికి తెలియదు. పడే నీరు మనిషిని అడుగుకు తొక్కుతుంది. నురుగులో గాలి కలిసి ఉంటుంది కాబట్టి ఈత వచ్చినవాడు కూడా తేలలేడు. పాచి పట్టిన బండ సబ్బు కన్నా జారుడు. ఇక్కడ ఎండ కాస్తున్నా, ఎగువన వాన పడితే నది నిమిషాల్లో పెరుగుతుంది. నీరు మట్టి రంగుకు మారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా వెంటనే గట్టెక్కండి. గుండంలో దిగవద్దు. ఫోటో కోసం అంచుకు పోవద్దు. బాయిలో సేఫ్టీ నియమం ఒక్కటి తప్పితే ఏమవుతుందో మన ఇళ్ళల్లో అందరికీ తెలుసు. నీటి దగ్గర కూడా అదే నియమం.

మిత్రులారా! ఈసారి యాత్రకు పోయేటప్పుడు ఒక నోటుబుక్కు పట్టుకుపోండి. గట్టు మీద నిలబడి మూడు పనులు చేయండి. ఒక పుల్ల ధారతో పాటు పడటానికి ఎన్ని సెకన్లు పడుతుందో చూడండి. గుండంలో బండ ఏ వైపు ఎక్కువ అరిగిందో బొమ్మ గీయండి. రాలిన టేకు ఆకు ఒకటి పుస్తకంలో పెట్టుకోండి. ఇంటికి వచ్చాక బాయిలో పనిచేసే పెద్దవాళ్ళను, రాతిపలక మీద ఆకు అచ్చు ఎప్పుడైనా చూశారా అని అడగండి. చూశామంటే ఆ టేకు ఆకును వాళ్ళ ముందు పెట్టి, రెండింటికీ పోలికలేమిటో, తేడాలేమిటో రాసుకోండి. మీ ఇద్దరి మధ్య మొదలయ్యే ఆ మాటలే ఈ పాఠానికి రెండో భాగం.